జనగణనలో లేని పూర్వీకులు: వంశవృక్ష పరిశోధనపై ఒక అభ్యంతరం

కవి జీవిత నిర్ణయానికి వంశవృక్షాన్ని జోడించడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. జనాభా లెక్కలను, వివాహ రికార్డులను గాలిస్తే ఆ వృక్షానికి శాస్త్రీయత చేకూరుతుందన్న వాదం ఒకటి ఉంది. ఆ వాదం తెలుగు నేలకు వర్తించదనీ, దానిని నమ్మిన పరిశోధన భూమీ పదవీ ఉన్న కుటుంబాల పురుషుల చరిత్రగానే మిగులుతుందనీ నా అభిప్రాయం.

ఇంగ్లండులో ఇంటింటి పేర్లతో కూడిన జనగణన పత్రాలను నూరేళ్ల తరువాత బహిరంగపరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో వెలువడ్డాయి. అమెరికాలో ఆ గడువు 72 ఏళ్లు. మన దేశంలో 1881 నుంచి పదేళ్లకొకసారి గణన జరిగినా పరిశోధకునికి అందినవి పట్టికలే కాని పేర్లు కావు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ పత్రాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ వ్యాజ్యాల్లో అవి సాక్ష్యంగానూ చెల్లవు. కనుక ‘1901 జనాభా లెక్కల ప్రకారం’ అని మనం రాసేది ఊరి సంఖ్యను గురించో, కులం సంఖ్యను గురించో తప్ప ఒక తాతను గురించి కాదు.

వివాహ రికార్డుల స్థితి కూడా ఇంతే. క్రైస్తవ వివాహాలకు 1872 చట్టం కింద రిజిస్టర్లున్నాయి. హిందూ వివాహం నమోదు కాకపోయినా చెల్లుతుందని 1955 చట్టమే చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టం వచ్చింది 2002లో. అంతకుముందటి తరాలకు లగ్నపత్రికలు దిక్కు. అవైనా చదువు ఉన్న ఇళ్లలోనే. చివరికి మన చేతికి మిగిలేది ఇంటిపేరు. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారినచోట అమ్మమ్మ పుట్టిల్లు వృక్షం నుంచి రాలిపోతుంది. కైఫీయతులు కరణాల, దేవాలయాల, మాన్యాల సంగతులు చెప్పినంతగా పాలేరు సంగతి చెప్పవు.

దీనికి భిన్నమైన ఉదాహరణ సముద్రానికి ఆవల ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ తొలి ఒప్పంద కూలీలతో దర్బను చేరింది. 1911 వరకు నెటాల్‌కు దాదాపు లక్షా యాభై రెండు వేల మంది వెళ్లారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఓడ జాబితాల్లో ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య, పేరు, వయసు, కులం, గ్రామం, జిల్లా వంటి వివరాలున్నాయి. స్త్రీకీ తనదైన పద్దు ఉంది. కూలీని ఒప్పందానికి కట్టివేయడానికి పుట్టిన కాగితాలవి, దయతో పుట్టినవి కావు. అయినా ఊరు విడిచిన కూలీ మనుమడికి దొరికే ఆధారం, ఊళ్లోనే ఉండిపోయిన కూలీ మనుమడికి దొరకదు.

గుమాస్తాలు పేర్లను, ఊళ్లను వికృతంగా రాశారు, వాటినెలా నమ్మాలన్నది సహజమైన ఆక్షేపణ. ఆ వికృతి వెనుక ఉన్న తెలుగు పలుకును, మాండలికాన్ని, గ్రామనామాన్ని పోల్చుకోగలవారు తెలుగు శాఖల్లో కాక మరెక్కడ ఉన్నారు? చరిత్ర శాఖకు వదిలేసిన ఈ పని నిజానికి మనది.

కనుక సిద్ధాంత వ్యాసాల్లో జనగణన పేరుతో వంశవృక్షాలకు ప్రామాణ్యం కట్టబెట్టడం మానాలి. ప్రతి స్త్రీ పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు రాయాలి. దొరకనిచోట ఖాళీని ఖాళీగానే చూపాలి. లగ్నపత్రికలను, చర్చి రిజిస్టర్ల నకళ్లను విశ్వవిద్యాలయాలు సేకరించాలి. ఖాళీలను దాచిన వంశవృక్షం ఎంత నిండుగా కనిపించినా పరిశోధన అనిపించుకోదు.