ఎంబీఏలో ఎథిక్స్ పేపర్ ఉంది.. మరి ఆఫీసులో ‘నో’ చెప్పడం ఎవరు నేర్పాలి? ‘సత్యం’ కేసు చెబుతున్న పాఠం

బిజినెస్ ఎథిక్స్.. ఎంబీఏ చదివిన చాలామందికి తెలిసిన పేపరే. పరీక్షకు ముందు రెండు రోజులు చదివితే పాసైపోవచ్చన్న పేరు కూడా దీనికి ఉంది. కానీ ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే ప్రశ్న వేరు. ‘ఈ నెల టార్గెట్ తగ్గింది, వచ్చే నెల ఆర్డర్ ఈ నెలలోనే చూపించెయ్’ అని మేనేజర్ అంటే ఏం చేయాలి? కాదంటే ఉద్యోగం ఉంటుందా? సరేనంటే రేపు తేడా వస్తే జవాబు చెప్పేదెవరు? ఈ ప్రశ్నలకు క్లాస్‌రూమ్‌లో సమాధానం దొరుకుతోందా అన్నదే అసలు విషయం. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో బయటపడిన సత్యం కంప్యూటర్స్ కేసు చాలు.

ఆ లేఖలో ఏముంది?

2009 జనవరి 7. సత్యం చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చింది. కంపెనీ పుస్తకాల్లో రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు చూపించారు. అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబర్ క్వార్టర్ లెక్క చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. నిర్వహణ లాభం రూ.649 కోట్లని ప్రకటించారు. నిజానికి వచ్చింది రూ.61 కోట్లే. అంటే ఆదాయంలో 24 శాతం అని చెప్పిన లాభం.. అసలు చూస్తే 3 శాతం.

ఆ ఒక్క రోజులోనే షేరు ధర 70 శాతానికి పైగా పడిపోయింది. దాదాపు 50 వేల మంది ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడతామేమోనని భయపడ్డారు. కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త బోర్డును వేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని దక్కించుకోవడంతో గండం గట్టెక్కింది.

మేనేజ్‌మెంట్ విద్యార్థులు ఈ లేఖలో పట్టుకోవాల్సింది వేల కోట్ల అంకెలను కాదు. మొదట్లో అసలు లాభానికి, చూపించిన లాభానికి మధ్య తేడా చిన్నదే. అది ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. పులి మీద స్వారీలా తయారైందని, దిగితే తినేస్తుందన్న పరిస్థితి వచ్చిందని లేఖలో రాసుకున్నారు. అంటే ఎవరూ ఒకరోజు కూర్చుని రూ.5 వేల కోట్ల అబద్ధం ఆడాలని నిర్ణయించలేదు. ఒక క్వార్టర్‌లో కాస్త సర్దారు. తర్వాతి క్వార్టర్‌లో దాన్ని కప్పిపెట్టడానికి ఇంకాస్త సర్దాల్సి వచ్చింది.

చదువు తక్కువై కాదు

రామలింగరాజు అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ చేశారు. సత్యం బోర్డులో ఎవరున్నారో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఒకరు, హైదరాబాద్ ఐఎస్‌బీ అప్పటి డీన్, కేంద్ర కేబినెట్ మాజీ కార్యదర్శి.. ఇలాంటి హేమాహేమీలు డైరెక్టర్లుగా ఉన్నారు. వీరికి మోసం గురించి తెలుసని ఎవరూ నిరూపించలేదు. కానీ 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొనే ప్రతిపాదన వస్తే, ఈ బోర్డే ఆమోదించింది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి అదే చివరి ప్రయత్నమని తర్వాత రాజు లేఖలోనే తేలింది. డీన్ ఆ తర్వాత సత్యం బోర్డు నుంచి, 2009 జనవరిలో ఐఎస్‌బీ పదవి నుంచి కూడా తప్పుకున్నారు.

అమెరికాలోనూ ఇదే కథ. 2001లో కుప్పకూలిన ఎన్‌రాన్‌కు 64 పేజీల నైతిక నియమావళి ఉండేది. దాని సీఈఓగా పనిచేసిన జెఫ్రీ స్కిల్లింగ్ హార్వర్డ్ ఎంబీఏ. కాబట్టి ఏది తప్పో తెలియక ఇవన్నీ జరిగాయంటే నమ్మడం కష్టం.

శిక్ష పడింది ఎవరికి?

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లగా, మరుసటి నెలలోనే సెషన్స్ కోర్టు శిక్షను సస్పెండ్ చేసి బెయిల్ ఇచ్చింది.

ఈ పది మంది జాబితాలో రాజు సోదరులే కాదు.. అప్పటి సీఎఫ్ఓ, ఇంటర్నల్ ఆడిట్ చూసిన వ్యక్తి, బయటి ఆడిటర్లు, ఫైనాన్స్ విభాగం ఉద్యోగులు కూడా ఉన్నారు. నకిలీ ఇన్వాయిస్‌లు వాటంతట అవే పుట్టవు. ఎవరో ఒకరు సిస్టమ్‌లోకి ఎక్కించాలి. ఎవరో ఒకరు చూసి కూడా టిక్ పెట్టాలి.

ఎథిక్స్ క్లాసులో పెద్ద లోటు ఇక్కడే ఉంది. కేస్ స్టడీ అనగానే ‘మీరు చైర్మన్ అయితే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. కానీ డిగ్రీ పట్టా పట్టుకుని బయటికొచ్చిన కుర్రాడు చైర్మన్ సీట్లో కూర్చోడు. ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఓ మూల సీటు దొరుకుతుంది. పైనుంచి వచ్చిన ఫైల్ మీద ఏం చేయాలన్నదే అతని ముందున్న ప్రశ్న.

తప్పని కూడా అనిపించదు!

ఫోర్డ్ పింటో కారు కేసు ఇంకో కోణం చూపిస్తుంది. వెనక నుంచి మరో కారు గుద్దితే పెట్రోల్ ట్యాంకు పగిలి మంటలంటుకునే ప్రమాదం ఆ కారులో ఉండేది. 1970లలో ఫోర్డ్‌లో రీకాల్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన డెనిస్ జియోయా కూడా ఎంబీఏనే. విలువల గురించి గట్టిగా మాట్లాడే విద్యార్థిగా కంపెనీలో చేరారు. అయినా పింటోను వెనక్కి పిలవక్కర్లేదన్న నిర్ణయానికి ఓటేశారు. చివరికి 1978లో ఫోర్డ్ దాదాపు 15 లక్షల కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

తర్వాత ప్రొఫెసర్ అయిన జియోయా 1992లో ఓ వ్యాసం రాశారు. చేరకముందు అడిగితే రీకాల్ చేయాలనే చెప్పేవాడినని, బయటికొచ్చాకా అదే చెబుతున్నానని.. ఉద్యోగంలో ఉన్నప్పుడు మాత్రం అది నైతిక సమస్యగానే తోచలేదని దాని సారాంశం. రోజూ టేబుల్ మీదకొచ్చే పదుల ఫైళ్లలో అదీ ఒక ఫైల్, అంతే.

టార్గెట్ల సంగతి ఇంకా దగ్గరిది. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో సిబ్బంది అమ్మకాల టార్గెట్ల కోసం కస్టమర్లకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఈ వ్యవహారంలో ఉద్యోగాలు పోయింది సుమారు 5,300 మందికి. వారిలో ఎక్కువమంది కింది స్థాయి వాళ్లే. టార్గెట్లు పెట్టింది మాత్రం పైవాళ్లు. మన దగ్గర కూడా ఎంబీఏ పూర్తిచేసిన ఎంతోమందికి మొదటి ఉద్యోగం బ్యాంకు సేల్స్‌లోనో, ఇన్సూరెన్స్‌లోనో దొరుకుతుంది. ఎఫ్‌డీ చేద్దామని వచ్చిన పెద్దాయనకు పాలసీ అంటగట్టాలా వద్దా అన్నది వాళ్లకు పుస్తకంలో ప్రశ్న కాదు.

మరి ఎలా నేర్పాలి?

ఈ దిశగా అమెరికాలో మేరీ జెంటిల్ అనే అధ్యాపకురాలు ‘గివింగ్ వాయిస్ టు వాల్యూస్’ అనే పద్ధతిని తెచ్చారు. ‘ఏది కరెక్ట్?’ అన్న దగ్గరే క్లాస్ ఆగిపోకూడదన్నది ఆమె వాదన. కరెక్ట్ ఏదో తెలిసింది సరే.. దాన్ని ఎలా జరిపించాలి? ఎవరితో మాట్లాడాలి? ఏ మాటలు వాడాలి? దీన్ని డ్రైవింగ్‌లా ప్రాక్టీస్ చేయించాలంటారు.

సత్యం కేసునే అలా చెప్పొచ్చు. విద్యార్థిని ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్‌గా కూర్చోబెట్టి, అనుమానం ఉన్న ఇన్వాయిస్ చేతికివ్వాలి. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవీ:

* దీనివల్ల నష్టపోయేది ఎవరు? వాళ్లు ఈ గదిలో ఉన్నారా?
* ‘అందరూ చేసేదే, ఈ ఒక్కసారికే’ అని బాస్ అంటే జవాబేంటి?
* నోటిమాటగా చెప్పిన ఆదేశాన్ని మెయిల్‌లో రాతపూర్వకంగా ఎలా అడగాలి?
* బాస్ వినకపోతే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చివరి ప్రశ్నకు చట్టంలో కొంత జవాబు ఉంది. సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 177 ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదు చేసుకునే ‘విజిల్ మెకానిజం’ ఉండాలి. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలి. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌ను కలిసే వీలుండాలి. ఎంబీఏ పట్టా తీసుకునే విద్యార్థుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇంకో సమస్య కూడా ఉంది. ఎథిక్స్‌ను ఒక పేపర్‌కే పరిమితం చేస్తే, మిగతా సబ్జెక్టుల్లో అది మాయమవుతుంది. లాభం ఎప్పుడు లెక్కలో చూపాలన్నది అకౌంట్స్ క్లాసులో, పాలసీ ఎలా అమ్మాలన్నది మార్కెటింగ్ క్లాసులో, టార్గెట్లు ఎలా పెట్టాలన్నది హెచ్‌ఆర్ క్లాసులో వచ్చే ప్రశ్నలు. చర్చ అక్కడే జరగాలి.

పాఠం ఒక్కటే సరిపోదు

అలాగని భారమంతా విద్యార్థి మీద వేయడమూ న్యాయం కాదు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కట్టాల్సిన పిల్లలకు ‘నో’ చెప్పడం అంత తేలిక కాదు. సత్యంలోనూ 2008 డిసెంబర్‌లో ఓ బోర్డు సభ్యుడికి మారుపేరుతో హెచ్చరిక ఈమెయిల్ వెళ్లింది. అంటే ఎవరికో తెలుసు, చెప్పాలనీ ఉంది. సొంత పేరుతో చెప్పే ధైర్యం మాత్రం ఆ వాతావరణం ఇవ్వలేదు. కంపెనీలు టార్గెట్లు పెట్టే తీరు, ఫిర్యాదు చేసినవారిని చూసే తీరు మారకపోతే కాలేజీలో నేర్చుకున్నది ఎక్కువ రోజులు నిలవదు.

అయితే కాలేజీలు చేయగలిగింది ఒకటుంది. మొదటిసారి తప్పుడు ఎంట్రీ చేయమన్నప్పుడు ఏం మాట్లాడాలో విద్యార్థికి ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే రెండోసారి అడిగేటప్పటికి, మొదటి ఎంట్రీలో అతని పేరు ఉండిపోతుంది.