రాజ్-కోటి జంటయు, మా కీబోర్డును

మా సంగీతపు గదిలో హార్మోనియము ప్రక్కన ఎలక్ట్రానిక్ కీబోర్డు చేరినది మొదలు, మీట నొక్కినంతనే మ్రోగుదానికి శిక్షణ యేల యని తలిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు. వారు రాజ్-కోటి చరిత్రమును తలంపవలయును.

రాజ్ యనగా తోటకూర సోమరాజు, టి. వి. రాజుగారి కుమారుడు. కోటి యనగా సాలూరి కోటేశ్వరరావు, రాజేశ్వరరావుగారి కుమారుడు. మన గుడివాడ చెంత చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల ఆ తండ్రు లిరువురి బాణీలను పాడినవారే. కుమారులు 1983లో "ప్రళయ గర్జన"తో జంటయై, సింథసైజరును తమ పాటలలో విరివిగా వాడిరి. వారియొద్ద కీబోర్డు వాయించిన దిలీప్ అను యువకుడే 1992లో "రోజా"తో ఏ. ఆర్. రహమానుగా లోకమునకు తెలిసెను. వీరందఱును సంగీతపు టిండ్లలో పెరిగినవారు. చెవి ముందు సిద్ధపడినది, యంత్రము తరువాత వచ్చినది.

హార్మోనియమే మేలందురా? గమకము పలుకదని రేడియోవారు 1940లో దానిని వెలివేసి, 1971లో గాని మరల రానీయలేదు!

1994 నాటి "హలో బ్రదర్" పిమ్మట జంట విడిపోయెను. 1995లో "సిసింద్రీ"కి రాజ్ ఒక్కరే సంగీతము కూర్చిరి. కోటిగారును పెక్కు చిత్రములకు పనిచేసిరి. వాద్యము లవియే యైనను, జంటనాటి రుచి వేఱని మా చెవికి తోచుచున్నది. 2023 మే 21న రాజ్ గారు దివంగతులైరి.

కావున ఈ యేడు కీబోర్డు తరగతిలో చేరు బాలబాలికలు మొదటి మూడు మాసములు మీటలు తాకక, స్వరములు పాడవలయునని నిర్ణయించితిమి. శ్రుతికి హార్మోనియ ముండనే యున్నది.