క్రాంకు మారిస్తే నీళ్లు పెరుగుతాయా?

సంత రోజున రిపేరు షెడ్డు దగ్గర కాసేపు కూర్చుంటే ఈ మాట వినబడుతుంది. "పెద్దింజను క్రాంకు ఒకటి పాతినుము కొట్లో ఉందండీ, మీ బ్లాకులో ఎక్కిద్దాం. సి.సి. పెరుగుద్ది, నీళ్లు దూకుతాయి." చెప్పేవాడికి మోసం చేసే ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ అందులో నిజం సగమే.

ఆ సగమేమిటో చూద్దాం. సిలిండరు బోరు, పిస్టను నడిచే దూరం అంటే స్ట్రోకు - ఈ రెంటి లెక్కే సి.సి. మన 5 హెచ్.పి. ఆయిలింజన్లలో ఒక రకానికి బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. అది 553 సి.సి. అవుతుంది. స్ట్రోకును నిర్ణయించేది క్రాంకే కాబట్టి అది మారితే సి.సి. మారే మాట వాస్తవం. కంపెనీలూ ఆ పని చేశాయి. ఫోర్డ్ 3000, 3600 ట్రాక్టర్లు రెంటికీ మూడు సిలిండర్లే, బోరు 4.2 అంగుళాలే. స్ట్రోకు 3.8 నుంచి 4.2 అంగుళాలకు పెరిగేసరికి 158 ఘనపు అంగుళాల ఇంజను 175 అయింది.

అయితే క్రాంకు ఒక్కటే మారిస్తే కుదరదు. స్ట్రోకు 0.4 అంగుళం పెరిగితే పిస్టను పైకి 0.2, కిందికి 0.2 అదనంగా పోతుంది. 0.2 అంటే 5 మి.మీ. డీజిలింజన్లో పిస్టను నెత్తికీ హెడ్డుకీ మధ్య సందే సుమారు ఒక మిల్లీమీటరు! దానికి తగిన పిస్టనో, కనెక్టింగ్ రాడ్డో ఉండాల్సిందే. మన షెడ్లలో మందం గాస్కెట్ వేసి సరిపెడతారు, లేదా పిస్టను నెత్తి లేతులో కోస్తారు. కంప్రెషన్ తప్పిందంటే చలికాలం పొద్దున హ్యాండిలు తిప్పే భుజానికి తెలుస్తుంది. మాకు తెలిసిన రైతు ఒకాయన ఇలాగే వేయించుకున్నాడు. దాళ్వా వరి పొట్టమీదుండగా రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చింది.

ఇంత చేసినా నీళ్లు పెరుగుతాయా అంటే, పెరగవు. ఇంజను వేగాన్ని గవర్నరు 1500 దగ్గర పట్టి ఉంచుతుంది. అదే పంపు, అదే వేగం, అదే ఎత్తు అయితే నీళ్లూ అంతే. డీజిలు కొలిచి పోసేది ఫ్యూయల్ పంపు, క్రాంకు కాదు. దాన్నీ బిగించి ఎక్కువ పోయిస్తే నల్లపొగ, ఖర్చు తప్ప మిగిలేది లేదు. నీళ్లు తగ్గితే ముందు ఫుట్ వాల్వు చూడండి. సక్షన్ పైపు గాలి లాగుతుందేమో, బెల్టు జారుతుందేమో, ఇంపెల్లరు అరిగిందేమో చూడండి. బావిలో నీరు పాతిక అడుగులు దాటి కిందికి పోతే పైన కూర్చున్న పంపు ఏ ఇంజనుతోనూ లాగలేదు.

క్రాంకు నిజంగా అరిగితే అదే మోడలుది తెచ్చుకోవాలి. లేదా జర్నల్సు 0.25 గానీ 0.50 మి.మీ. గానీ గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులే వేయించాలి. పాతది కొంటుంటే తాడుకి వేలాడదీసి సుత్తితో మెల్లగా కొట్టండి, గంటలా మోగాలి. బొంగురుగా పలికితే కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి రాయండి. పగులున్న చోట తడి గీత తేలుతుంది. ఆ క్రాంకుని కొట్లోనే వదిలేసి రండి.