పరిసయ్యుడు కూడా స్తుతించాడు

మన సంఘాల్లో కృతజ్ఞతా కూడికలకు కొదువ లేదు. ఇల్లు కట్టుకుంటే ఒకటి, పిల్లవాడికి ఉద్యోగం వస్తే ఒకటి, కొత్త బండి కొంటే ఒకటి. కవరు పాస్టరుగారి చేతిలో పెడతాం, బిరియానీ తింటాం, ఇంటికి పోతాం. అది తప్పని అనను. కానీ ప్రియులారా, లూకా 18వ అధ్యాయం తీసి చూడండి. దేవాలయానికి వెళ్లిన ఇద్దరిలో కృతజ్ఞత చెల్లించింది ఎవరు? సుంకరి కాదు, పరిసయ్యుడు. పక్కనున్నవాడిలా తాను లేనందుకు దేవునికి స్తోత్రం చెప్పాడు. సుంకరి కనికరించమని మాత్రమే అడిగాడు. నీతిమంతుడై ఇంటికి వెళ్లింది అతడే.

మన సాక్ష్యాల్లో ఎన్ని ఈ పరిసయ్యుడి ప్రార్థనలు! "మా తాత పాకీ పని చేశాడు, దేవుడు మమ్మల్ని అందులోంచి లేపాడు" అని మైకులో చెబుతాం. ఇంకా ఆ పనిలోనే ఉన్న చిన్నాన్న పేరు మాత్రం పెళ్లి కార్డు మీద కూడా వేయం.

ఇక తగ్గింపు సంగతి. ఆ ప్రసంగం ఎవరికి చేస్తున్నాం? బెంగళూరులో తెల్లవారకముందే చీపురు పట్టే పౌరకార్మికుల్లో మన తెలుగు అక్కలు ఎందరో ఉన్నారు. జీతం ఆలస్యమైందని నిలదీయబోతే, "తగ్గించుకో అమ్మా, దేవుడు చూసుకుంటాడు" అంటాం. ఆమె ఇంకా ఎక్కడికి తగ్గాలి? ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో దిగివచ్చింది దేవునితో సమానుడైన క్రీస్తు. పైనున్నవాడు దిగాడు. ఆ వాక్యాన్ని గుంతలో ఉన్నవాడికి చదివి, ఇంకాస్త దిగమనడం దౌర్జన్యం. తగ్గమని చెప్పాల్సింది ముందు వరుస సోఫాలకు, దైవజనుల నిలువెత్తు ఫ్లెక్సీలకు. (ఆ ఫ్లెక్సీల ఖర్చు కూడా కానుకల్లోంచే.)

కోలార్ బంగారు గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ మనవాడే. తరతరాలుగా పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబం. ఆ ఇంట్లో పెద్ద చదువు చదివిన మొదటివాడు ఆయన. నన్ను తప్పించావు ప్రభువా అని ఒక కృతజ్ఞతా కూడిక పెట్టి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. టౌన్‌షిప్‌లోని డ్రై లెట్రిన్ల గురించి అధికారులకు, ప్రధానమంత్రికి ఉత్తరాలు రాశారు. తర్వాత ఎస్.ఆర్. శంకరన్ లాంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టారు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. తనకు దొరికిన విడుదల పక్కవాడికీ దొరకాలని కొట్లాడటం కంటే పెద్ద కృతజ్ఞతార్పణ నాకు తెలియదు.

హక్కులడగడం సణుగుడు కాదా, గర్వం కాదా అని అడిగే పెద్దలుంటారు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, యాజకుని ముందు, సర్వసమాజం ముందు నిలబడి తండ్రి వాటా అడిగారు. ఆ రోజు ఎవరైనా వాళ్లను "తగ్గించుకోండి" అన్నారో లేదో గానీ, దేవుడు మాత్రం వాళ్ల మాట న్యాయమన్నాడు. చట్టమే మార్చాడు. యౌవనస్థుల కూడికల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగం మీరు ఎప్పుడైనా విన్నారా?

శుభ శుక్రవారానికి ముందురోజు రాత్రి కొన్ని చర్చిల్లో పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. ఆ పన్నెండుమందీ ఇంట్లో సబ్బుతో కడుక్కొనే వస్తారు. చర్చి మరుగుదొడ్డి కడిగే అక్కకు నెలకు ఎంత ఇస్తున్నామో లెక్కల పుస్తకంలో ఉంటుంది. వచ్చే కృతజ్ఞతా కూడికలో ఆ అంకె పైకి చదవమని సెక్రటరీగారిని అడగండి.