ఇరుగుపొరుగు మౌనం

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని తెలుగులో ఒక సామెత ఉంది. దాదాపు ముప్పై ఏళ్ళుగా తరగతి గదిలో దీనిని వివరిస్తున్నాను. విన్న ప్రతిసారీ విద్యార్థులు నవ్వుతారు. నేనూ చాలాకాలం నవ్వాను. ఆ నవ్వులో దెబ్బ సంగతి మరుగున పడిపోతుంది. కొట్టడం సహజమనీ, నలుగురికీ తెలియడమే అవమానమనీ ఒప్పుకొన్న సమాజంలో తప్ప ఇటువంటి సామెత పుట్టదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ మాటకు అంకెలు సమకూర్చింది. భర్త భార్యను కొట్టడానికి తగిన కారణాలు ఉంటాయని ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ నూటికి దాదాపు 84 మంది స్త్రీలు అంగీకరించారు. స్త్రీలే దానిని న్యాయమనుకొంటున్నప్పుడు చట్టం ఒక్కటే గడప దాటి లోపలికి పోలేదు.

చట్టం లేకపోలేదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో రూపొంది, 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. శారీరక హింసతోపాటు దూషణను, ఆర్థిక వేధింపును కూడ అది హింసగానే పరిగణిస్తుంది. నా దృష్టిలో అందులోని నాలుగవ సెక్షన్ మిక్కిలి విలువైనది. హింస జరుగుతున్నదని నమ్మడానికి కారణమున్న వారెవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సద్భావంతో చెప్పినవారికి చట్టరీత్యా ఏ చిక్కూ ఉండదు. అనగా చట్టం పొరుగువారిని కూడ పిలిచింది. పొరుగువారే ఇంకా పలకలేదు. ఒకనాడు తరగతిలో ఈ ప్రస్తావన రాగా ఒక విద్యార్థి, "పక్కింట్లో కేకలు వినిపిస్తే మా నాన్న టీవీ శబ్దం పెంచుతాడండీ" అన్నాడు. ఆనాడు ఎవరూ నవ్వలేదు.

కురుసభలో ద్రౌపది ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకొన్నాడు. పిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడితే కర్ణుడు అతనిని బాలుడని అధిక్షేపించాడు. ఒంటరి గొంతుకు సభలోనైనా, ఊరిలోనైనా అదే గతి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో జరిగినది వేరు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు, ఏకమై సారా దుకాణాన్ని మూయించిన మహిళల కథను పాఠంగా చదివారు. తమ ఊళ్ళోనూ అదే పని చేశారు. కూలి డబ్బు సారాకు పోవడం, ఆపై ఇంట దెబ్బలు తినడం తమ ఒక్కరి తలరాత కాదని పదిమందీ ఒకచోట కూర్చొని చెప్పుకొన్నాకనే వారికి స్పష్టమైంది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలింది. సారాయే హింసకు మూలమని నేననను; తాగని మగవారూ కొడతారు. ఆ రాత్రిబడిలో స్త్రీలు జంకు లేకుండ కలుసుకొనే చోటు ఏర్పడింది. హింసను నివారించదలచిన ఏ కార్యక్రమమైనా మొదట అటువంటి చోటును కల్పించాలి.

నేడు ఆ చోటు పొదుపు సంఘాలలో ఉన్నది. అయితే ఒక ప్రమాదమూ ఉన్నది. పెద్దమనుషుల పంచాయతీ "సర్దుకుపో అమ్మా" అని పంపివేసినట్లే సంఘం కూడ పంపివేసి, దానిని రాజీ అని విజయాల పద్దులో రాసుకొంటుంది. ఆమె ఏమి కోరుకొంటున్నదో ముందు అడగాలి. 181 నంబరుకు ఫోను చేయవచ్చునని, ఇల్లు విడిచిపోవలసిన పని లేదని, ఆ ఇంట నివసించే హక్కు చట్టం ఇచ్చిందని చెప్పాలి. రచ్చబండ దగ్గర మగవారితో కూడ ఈ మాట మాట్లాడాలి. ఆడవారి సభలలో మాత్రమే మగవారి తప్పును చర్చించడం విడ్డూరం.

రాజీ కుదిరిన తరువాతి రోజులే కష్టమైనవి. నేనెరిగిన ఒక సంఘం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. వారానికొకసారి ఇద్దరు స్త్రీలు పొదుపు పుస్తకం చేతబట్టుకొని ఆ ఇంటికి వెళ్ళేవారు. పద్దు వంకతో ఆమెను పెరటివైపు పిలిచి కాసేపు మాట్లాడి వచ్చేవారు. భర్త వీధి అరుగు మీద ముఖం చిట్లించుకొని కూర్చొనేవాడట. ఆరు నెలలపాటు వారు ఒక్క వారమూ మానలేదు.