నల్లమల కాలిబాట నిలవాలంటే

మహాశివరాత్రికీ ఉగాదికీ ఆత్మకూరు దారులన్నీ శ్రీశైలం వైపే సాగుతాయి. రాయలసీమ పల్లెల నుంచీ, తుంగభద్ర అవతల కన్నడ దేశం నుంచీ వచ్చే భక్తులు వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న సన్నిధికి చేరుకుంటారు. సుమారు 40 కిలోమీటర్ల నడక. దోర్నాల మీదుగా బస్సెక్కితే పూటలో చేరగల క్షేత్రానికి, అరికాళ్లు బొబ్బలెక్కేలా రాళ్లదారిన నడిచేవారు ఏటా వేలల్లో ఉంటున్నారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు ఉగాదికి ఈ నడకను మొక్కుగా పాటిస్తారు. అటువంటి బాట బాగోగులు పండుగ నాలుగు రోజులు తప్ప ఏడాది పొడుగునా పట్టించుకునేవారు తక్కువ కావడం శోచనీయం.

ఈ బాట నిన్న మొన్న పడినది కాదు. మోటారు రోడ్డు రాకముందు రాజైనా పేదైనా కొండ ఎక్కింది కాలిబాటలనే. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించినట్లు శాసనాలు చెబుతున్నాయి. చెరువు తవ్వించడం, సత్రం కట్టించడం ఎంత పుణ్యమో, నడిచేవాడికి మెట్టు వేయించడమూ అంత పుణ్యమని ఆనాటి వారు తలచారు. నాగలూటి ఎగువన, భీముని కొలను లోయలో ఆనాటి రాతిమెట్లే నేటికీ యాత్రికుల పాదాలకు ఆసరా.

అయితే ఇదే అడవి పులులకూ నిలయం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల సంరక్షణ పథకం వచ్చాయి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని ఆ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. ఈ చట్టాల కారణంగానే కాలిబాటకు పండుగ రోజుల్లో మాత్రమే అనుమతి లభిస్తోంది. తాత ముత్తాతలు నడిచిన దారికి ఇప్పుడు అనుమతి ఏమిటని పల్లెల్లో పలువురు ప్రశ్నిస్తున్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

కాని తాత ముత్తాతలు నడిచిన తీరును కూడా గుర్తుచేసుకోవాలి. వారు సొరకాయ బుర్రలో నీళ్లు, గుడ్డలో సద్దిమూట కట్టుకుని బయలుదేరేవారు. మోదుగాకు విస్తరిలో తిని, అక్కడే వదిలిపోయినా ఒక వానకు అది మట్టిలో కలిసేది. నేడు వదిలేది ప్లాస్టిక్ సీసా, మజ్జిగ పొట్లం, తగరపు పూత సంచి. వంద వానలు కురిసినా అవి మట్టిలో కలవవు. ఉప్పు రుచి తగిలిన సంచులను దుప్పులు మేస్తాయి. అవి కడుపులో చిక్కుకుంటే మేత సాగక చస్తాయి. వేసవిలో ఈ అడవిలో నీరు నిలిచే చోట్లు కొద్ది. పగలు యాత్రికుడు దాహం తీర్చుకున్న గుంటకే రాత్రి కణుజులూ, వాటి వెనుక పులీ వస్తాయి. గూడెంలోని చెంచులకు కూడా ఆ నీరే ఆధారం. అందులో సబ్బు కలిపి, చెత్త పారవేసి ముందుకు సాగిపోవడం యాత్ర అనిపించుకోదు.

నిప్పు సంగతి మరీ ముఖ్యం. శివరాత్రి నుంచి ఉగాది వరకు నల్లమల ఆకు రాల్చే కాలం. బాట పక్క ఎండుటాకు మోకాలి లోతున పడి ఉంటుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, వంట ముగిశాక నీళ్లు చల్లని పొయ్యి చాలు, కొండకు కొండ అంటుకోవడానికి.

ఇన్ని చిక్కులున్నాయి కనుక బాటనే మూసివేయాలనే వాదన సరైనది కాదు. అసలు బాట మూస్తే జనం దొంగబాటలు తొక్కుతారు. కాపలా లేని చోటులో ప్రమాదం మనిషికీ ఎక్కువే, మృగానికీ ఎక్కువే. కావలసింది మూత కాదు, కట్టుబాటు. వెంకటాపురం వద్దనే సీసాలు లెక్కపెట్టి, ఒక్కొక్కదానికి కొంత పైకం జమ కట్టించుకుని, శ్రీశైలంలో ఖాళీ సీసా చూపినవారికి తిరిగి ఇవ్వవచ్చు. అన్నదాతలు ఆకు విస్తర్లే వాడాలి. చీకటి పడ్డాక నడక మానాలి. మలుపుల వద్ద అడ్డదారులు తొక్కరాదు. అడ్డంగా దిగిన చోట మట్టి వదులై, మొదటి వానకే మెట్ల కింద నేల కొట్టుకుపోతుంది.

బాట మరమ్మతు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వాననీరు బాట మీదుగా పారితే అది రెండేళ్లలో వాగవుతుంది. వాలుకు ఏటవాలుగా రాళ్ల వరుస పేర్చి ఆ నీటిని పక్కకు మళ్లిస్తే చాలు. జారిన మెట్టును తిరిగి కూర్చోబెట్టడం, పడిన మానును తప్పించడం, పండుగ కాగానే చెత్త ఏరించడం ఏటా జరగవలసిన పనులు. వీటికి పెచ్చెరువు చెంచుల కన్నా తగినవారు లేరు. ఏ బండ కింద ఊట ఉందో, ఏ వేళ పులి ఏ దారిన వస్తుందో వారికి తెలుసు. పులుల రక్షణలో కాపలాదారులుగా ఇప్పటికే చెంచులు పనిచేస్తున్నారు. బాట బాధ్యత కూడా ఏడాది పొడుగునా కూలి ఇచ్చి వారికే అప్పగిస్తే, గూడేనికి బతుకుతెరువు, బాటకు కాపు రెండూ దొరుకుతాయి. ముడుపులు అందుకునే దేవస్థానం ఈ ఖర్చులో కొంత భరించడం సమంజసం.

అందుచేత పండుగకు నెల రోజుల ముందే అటవీశాఖ, దేవస్థానం, ఆత్మకూరు ప్రాంత పంచాయతీల వారు, గూడెం పెద్దలు ఒకచోట కూర్చుని ఈ ఏర్పాట్లు ఖరారు చేయాలి. నియమాలను తెలుగుతోపాటు కన్నడంలోనూ అచ్చువేసి, భక్తబృందాల పెద్దలకు ముందే పంపాలి. వెంకటాపురం చేరాక చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. యాత్రికులు కూడా తాము ఏడాదిలో కొద్ది రోజులు వచ్చిపోయే అతిథులమని, మిగిలిన రోజుల్లో ఆ అడవి చెంచులదీ, మృగాలదీ అని గ్రహించాలి. మల్లన్నకు మొక్కు చెల్లించడానికి వెళ్లేవారు, తమ వెనుక వచ్చేవారికి దారి మిగిల్చి వెళ్లడం కూడా ఆ మొక్కులో భాగమేనని తలచాలి.