బేస్‌బాల్ ఆడని ఊళ్లో 'బాల్ పార్క్'

తెలుగునాట స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో జాతీయాల పేజీ తిప్పితే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' పలకరించకుండా వదలదు. పూర్వం ఇంగ్లండులో పూరిళ్ల కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కింద పడేవని కొందరు మాస్టార్లు కథ కూడా చెబుతారు. దానికి ఆధారమేమీ లేదు. 1999లో ఈమెయిళ్లలో ఊరేగిన కట్టుకథ అది. ఈ జాతీయాన్ని జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చయిన సంభాషణల పుస్తకంలో వాడాడు. పెద్దింటివాళ్ల అరిగిపోయిన మాటల్ని ఏరి ఎగతాళి చేసిన పుస్తకమది! అప్పటికే పాతబడ్డ మాటను మన పిల్లలు ఇంకా మార్కుల కోసం బట్టీ పడుతున్నారు.

మాదాపూర్‌లో రాత్రి కాల్‌కు కూర్చునే కుర్రాడికి ఎదురయ్యేవి వేరు. అమెరికా మేనేజరు 'బాల్ పార్క్ ఫిగర్' అడుగుతాడు. బాల్ పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం. ఉజ్జాయింపుగా ఓ అంకె చెప్పమని ఆయన అడిగితే, కొత్తగా చేరినవాడు పైసలతో సహా లెక్క తేల్చడానికి కూర్చుంటాడు.

'రెయిన్ చెక్' సంగతి ఇంకా తమాషా. 1880ల్లో అమెరికాలో వాన వచ్చి బేస్‌బాల్ ఆట ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూసుకోమని ప్రేక్షకులకు చీటీ ఇచ్చేవారు. క్రమంగా ఆ చీటీ భోజనాల పిలుపుల్లోకీ వచ్చింది. 'ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్' అంటే, 'ఈసారికి వదిలేయండి, ఇంకోసారి వస్తా' అని. మనవాళ్లు గుమ్మంలోనే నిలబడి 'మళ్లీ వస్తాంలెండి' అన్నప్పటిలాగే, ఆ రావడం ఉందో లేదో గొంతును బట్టి పోల్చుకోవాలి.

క్రికెట్ మాటలతో మనకీ పేచీ లేదు. గూగ్లీ వేశాడనీ, క్లీన్ బౌల్డ్ అయ్యాడనీ పెళ్లిచూపుల కబుర్లలోనూ వింటాం. అదే అమెరికావాడికి 'స్టికీ వికెట్' అని చూడండి! తడిసి, ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలియని బ్యాట్స్‌మన్ అవస్థ అతనికి వివరించాల్సిందే.

ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లూ బోల్తా పడతారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ అధికారులు ఓ అత్యవసర పత్రాన్ని 'టేబుల్' చేద్దామన్నారు, అంటే వెంటనే చర్చకు పెడదామని. అమెరికన్లకు ఆ మాటకు పక్కన పడేయడమని అర్థం. ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని తెలిసేలోపు పెద్ద వాదమే నడిచిందని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు.

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలు వేసేవారికి ఒక మనవి. ప్రతి జాతీయం పక్కన అర్థంతో పాటు అది ఏ ఆటలోంచి, ఏ వృత్తిలోంచి వచ్చిందో, ఇప్పుడు ఏ దేశంలో ఎవరు వాడుతున్నారో రెండు ముక్కలు అచ్చువేయండి. పేజీ చాలకపోతే ఆ పిల్లుల్నీ కుక్కల్నీ తీసేయవచ్చు.